ఇంటికి ఏ కుక్క నప్పుతుంది?

మన పట్టణాల్లో మధ్యతరగతి ఇళ్లు కుక్కల్ని ఎంచుకున్న తీరు చూస్తే, అందులో సగం నిర్ణయం సినిమాలదీ టీవీదీ. 1994లో ‘హమ్ ఆప్కే హై కౌన్’లో టఫీ అనే తెల్లటి బొచ్చుకుక్క కనిపించింది. 2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో ఒక పిల్లవాడి వెనకాలే నడిచిన పగ్‌కు జనం ఏకంగా ‘హచ్ కుక్క’ అని పేరే పెట్టేశారు. ఇప్పుడు ఆ పని ఫోన్లలో రీల్స్ చేస్తున్నాయి. నీలికళ్ల హస్కీలు, నెత్తిన రిబ్బను కట్టిన షిట్జూలు అలా వచ్చినవే. ఈ జబ్బు మనకొక్కరికే లేదు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ రికార్డులను ముందేసుకుని 2014లో వెలువడిన ఒక అధ్యయనం, సినిమాలో వెలిగిన జాతికి గిరాకీ పదేళ్ల దాకా కొనసాగవచ్చని లెక్కగట్టింది. సినిమా నాలుగు వారాలాడి వెళ్లిపోతుంది. కుక్క పన్నెండేళ్లు ఇంట్లో ఉంటుంది.

బొచ్చుకుక్కల విషయంలో మాత్రం మనవాళ్లకు అదృష్టం కలిసొచ్చింది. మనం పొమరేనియన్ అని పిలుచుకున్నవి చాలామటుకు పొమరేనియన్లు కావు. అసలు పొమరేనియన్ మూడు, మూడున్నర కిలోలు దాటని బుల్లి కుక్క. మన కాలనీల్లో పెరిగింది ఇండియన్ స్పిట్జ్. బ్రిటిష్ వాళ్ల కాలంలో వచ్చిన స్పిట్జ్ కుక్కల సంతతి ఇది. తరాల తరబడి ఇక్కడే పుట్టి, ఇక్కడి ఎండకూ పెరుగన్నానికీ అలవాటుపడింది. పేరు తప్పే గానీ కుక్క సరైనదే వచ్చింది. పగ్ విషయంలో అలా జరగలేదు. హస్కీ విషయంలో అసలే జరగలేదు.

ఏ జాతి? ఎంత పెద్దది? కుక్కను తెచ్చుకుందామనుకున్న ఇంట్లో చర్చంతా ఈ రెంటి చుట్టూనే తిరుగుతుంది. జాతిని బట్టి గుణం తెలుస్తుందని ఒక నమ్మకం. సైజును బట్టి మన ఫ్లాట్‌లో ఇముడుతుందో లేదో తెలుస్తుందని ఇంకో నమ్మకం. గత పదిహేనిరవై ఏళ్లలో వచ్చిన పరిశోధనల్ని ఒకచోట పెట్టి చూస్తే రెండూ నిలబడవు. జాతి పేరు కుక్క ఒంటి గురించి చాలా చెబుతుంది. ఎంత పెరుగుతుంది, ఎన్నేళ్లు బతుకుతుంది, ఎండకు ఆగుతుందా, కీళ్లు ఏమవుతాయి అన్నవన్నీ అందులో ఉంటాయి. గుణం గురించి చెప్పేది మాత్రం కొంచెమే. ఇక సైజుకు మీ హాలు ఎన్ని చదరపు అడుగులన్నది పెద్ద లెక్క కాదు. మీ చేతుల బలం, మీ జేబు, మీ వయసు లెక్కలోకి వస్తాయి.

గుణం సంగతి ముందు చూద్దాం. 2022లో ‘సైన్స్’ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం అచ్చయింది. అమెరికాలో 18,385 కుక్కల యజమానులు తమ కుక్కల నడవడి గురించి ప్రశ్నావళులు నింపారు. వాటిలో 2,155 కుక్కల జన్యువుల్ని పరిశోధకులు చదివారు. మేలు జాతులతో పాటు ఏ జాతో చెప్పలేని సంకర కుక్కలు కూడా బోలెడన్ని ఉండటం ఈ పరిశోధనకున్న బలం. పెంపకం ప్రభావమెంత, పుట్టుక ప్రభావమెంత అన్నది విడదీయడానికి అవే పనికొచ్చాయి. చివరికి తేలిందేమిటంటే, ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ నడవడిలో ఉన్న తేడాల్లో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతమే. మనిషి చెప్పిన మాట వినడం లాంటి కొన్ని గుణాలకు జాతితో కాస్త గట్టి సంబంధమే కనిపించింది. కానీ భయపెట్టినప్పుడో ఇబ్బంది పెట్టినప్పుడో కుక్క ఎంత త్వరగా రెచ్చిపోతుందన్న దాన్ని జాతిని బట్టి ఊహించడం దాదాపు కుదరలేదు. చిన్నపిల్లలున్న ఇంటికి అన్నిటికన్నా ముఖ్యంగా తెలియాల్సింది ఆ ఒక్కటే!

దీనికి కారణం చరిత్రలో ఉంది. ఇవాళ మనం జాతులంటున్నవాటిలో చాలా వాటి వయసు రెండొందల ఏళ్లు కూడా కాదు. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో 1859లో తొలి కుక్కల ప్రదర్శన జరిగింది. లండన్‌లో కెన్నెల్ క్లబ్ 1873లో పుట్టింది. అప్పటినుంచి పెంపకందార్లు ఏరి ఏరి జత కట్టించింది ప్రధానంగా చెవి ఇలా ఉండాలి, తోక అలా ఉండాలి, రంగు ఇదై ఉండాలి అన్న లెక్కల్లోనే. వేట, కాపలా, మందను కాయడం లాంటి నడవడులు మాత్రం అంతకుముందు వేల ఏళ్లలో నెమ్మదిగా రూపుదిద్దుకున్నాయి. అవి అన్ని జాతుల్లోనూ అక్కడక్కడా చెల్లాచెదురుగా ఉన్నాయి.

అలాగని జాతికి విలువే లేదనడం అతి. వంద బీగిళ్లను, వంద ల్యాబ్రడార్లను పక్కపక్కన నిలబెడితే సగటున తేడా కనిపిస్తుంది. వాసన పట్టగానే బీగిల్‌కు పిలుపు వినిపించదు. బోర్డర్ కోలీ మేకలు లేకపోతే మీ పిల్లల్నే మంద చేసి తిప్పుతుంది. కానీ మీరు తెచ్చుకునేది వంద కుక్కల సగటును కాదు, ఒక్క కుక్కను. ఆ ఒక్కటి ఎలా ఉంటుందో జాతి సర్టిఫికెట్ చెప్పలేదు. దాని తల్లిని చూస్తే కొంత తెలుస్తుంది, అది మొదటి మూడు నెలలు ఎక్కడ ఎలా పెరిగిందో ఆరా తీస్తే ఇంకొంత తెలుస్తుంది. అమెరికాలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఇరవై ఏళ్ల వరకూ కుక్కపిల్లల్ని పెంచి, పరిశీలించి 1965లో అచ్చువేసిన పుస్తకం ఇప్పటికీ ఈ రంగంలో పునాదిరాయి. పుట్టిన మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల ఎవరిని, వేటిని చూసి పెరుగుతుందో అవే దానికి జీవితాంతం ‘మనవాళ్లు’ అవుతారు. ఆ కిటికీ మూసుకున్నాక కొత్తవాళ్లంటే భయం పోగొట్టడం కష్టమైన పని. నెల రోజుల పిల్లను తల్లి దగ్గర్నుంచి లాగేసి, సంతలోనో దుకాణంలోనో బోనులో పెట్టి అమ్మితే ఆ కిటికీలో సగభాగం వృథా అయినట్లే. మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారుకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి. పిల్లను చూపించి తల్లిని చూపించడానికి నీళ్లు నమిలేవాళ్ల దగ్గర కొనకపోవడం మేలు.

ఇక ఒంటి దగ్గరికి వద్దాం. ఇక్కడ జాతి మాట నమ్మొచ్చు, ఎందుకంటే కుక్కల్లో సైజు అన్నది ఆశ్చర్యమనిపించేంత తక్కువ జన్యువుల చేతిలో ఉంది. మనుషుల ఎత్తును తేల్చే జన్యుతేడాలు వేలల్లో ఉంటాయి. కుక్కల్లో రెండు డజన్ల లోపు జన్యువులే సైజులో చాలా భాగాన్ని నిర్ణయిస్తాయి. వాటిలో పెద్దది ఐజీఎఫ్-1 అనే పెరుగుదల హార్మోన్‌కు సంబంధించినది. 2007లో దీన్ని గుర్తించినప్పుడు, చిన్న కుక్కలన్నీ మనిషి ఈమధ్య కాలంలో కావాలని తయారుచేసుకున్నవే అనుకున్నారు. 2022లో ఆ కథ మారిపోయింది. కుక్కను పొట్టిగా ఉంచే ఆ జన్యురూపం సైబీరియాలో దొరికిన 54,000 ఏళ్లనాటి తోడేలు అవశేషంలోనే కనిపించింది. మనిషి తోడేలును మచ్చిక చేసుకోకముందే చివావా కావడానికి కావలసిన సరుకు దాని ఒంట్లో ఉందన్నమాట.

ఇలా కొద్ది జన్యువుల మీద ఆధారపడటం వల్ల కుక్కల్లో ఒక్క మార్పు చాలాచోట్ల బయటపడుతుంది. డాక్స్‌హండ్ పొట్టి కాళ్లకు కారణం ఒక జన్యువు అదనపు నకలు. అలాంటిదే ఇంకో నకలు వెన్నుపూసల మధ్య డిస్కుల్ని చిన్న వయసులోనే గట్టిపరుస్తుంది. అందుకే డాక్స్‌హండ్ చిన్నదే అయినా, లిఫ్టు లేని మూడో అంతస్తు ఇంటికి పనికిరాదు. సోఫా ఎక్కి దూకడం కూడా దాని నడుముకు ముప్పే. ‘చిన్న కుక్క కదా, ఏ ఇంట్లోనైనా ఇమిడిపోతుంది’ అన్న మాట మొదట ఇక్కడే తప్పుతుంది.

ఆయుష్షు లెక్క ఇంకా విచిత్రం. జంతులోకంలో సాధారణంగా పెద్దది ఎక్కువకాలం బతుకుతుంది. ఎలుక కన్నా ఏనుగు బతికేది ఎన్నో రెట్లు ఎక్కువ. కుక్కల్లో ఇది తిరగబడుతుంది. 2013లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం ఒంటి బరువు రెండు కిలోలు పెరిగిన కొద్దీ ఆయుష్షు సుమారు ఒక నెల తగ్గుతుంది. పెద్ద కుక్కలకు ముసలితనం ముందే మొదలవడం కాదు, మొదలయ్యాక అది వేగంగా సాగడమే దీనికి ముఖ్య కారణమని ఆ పరిశోధకులు తేల్చారు. గ్రేట్ డేన్ ఏడెనిమిదేళ్లు, మహా అయితే పదేళ్లు. చిన్న జాతులు పద్నాలుగు, పదిహేను దాకా సునాయాసంగా వెళ్తాయి.

ఈ లెక్కను మన ఇళ్ల లెక్కతో కలిపి చూడాలి. పిల్లవాడు ఏడో తరగతిలో ఉండగా పట్టుబడితే కుక్క వస్తుంది. వాడు ఇంటర్‌కు హాస్టల్‌కు వెళ్తాడు, ఆ తర్వాత ఇంజనీరింగ్, ఆ తర్వాత డాలసో న్యూజెర్సీయో. కుక్క మాత్రం ఇంట్లోనే ఉంటుంది, అరవై దగ్గరపడుతున్న అమ్మానాన్నల దగ్గర. ఆ వయసులో నడవలేని 35 కిలోల జర్మన్ షెపర్డ్‌ను ఎత్తి కారెక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది ఎవరు? సైజు గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఇంట్లో ఎవరు ఒంటిచేత్తో పట్టీ పట్టుకుని దాన్ని ఆపగలరు, ఎవరు ఎత్తగలరు? పాతిక కిలోల కుక్క పిల్లిని చూసి ఒక్కసారి లాగితే యాభై ఐదేళ్ల మోకాలు నిలబడదు. పెంచేవాళ్లు నిజానికి ఎవరో ముందే ఒప్పుకుంటే, చాలా ఇళ్లకు కావలసింది పది నుంచి పద్దెనిమిది కిలోల కుక్క అని తేలుతుంది. మన దుకాణాల్లో తేలిగ్గా దొరకని సైజు కూడా అదే!

ఇప్పుడు ఎండ. నా మటుకు నాకు, తెలుగు రాష్ట్రాల్లో కుక్కను ఎంచుకునేవాళ్లకు మిగతా అన్నిటికన్నా ముందు రావలసిన సంగతి ఇది. మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు పనికొచ్చే చెమట గ్రంథులు పాదాల మెత్తల్లో తప్ప లేవు. అది ఒంటి వేడిని వదిలించుకునేది రొప్పుతూనే. నాలుక మీద, నోట్లో, ముక్కు లోపలి మడతల్లో ఉన్న తడి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇదే సూత్రంతో. గాలిలో తేమ ఎక్కువైతే కుండ ఎలా పనిచేయదో, కుక్క రొప్పు కూడా అలాగే పనిచేయదు. అందుకే రామగుండంలో 45 డిగ్రీల పొడి ఎండ ఎంత ప్రమాదమో, విశాఖలో 36 డిగ్రీల ఉక్కపోత కూడా కుక్కకు అంతే ప్రమాదం కావచ్చు. ఉష్ణోగ్రత ఒక్కటే చూసి, ‘ఇవాళ పర్లేదు’ అనుకుని మధ్యాహ్నం నడకకు తీసుకెళ్లకూడదు.

ఈ యంత్రం పనిచేయాలంటే మూతి పొడుగ్గా ఉండాలి. లోపల తడి మడతలకు చోటు ఉండాలి, గాలి ధారాళంగా పోయి రావాలి. పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతుల్లో ఎముకను కుదించారు గానీ లోపలి కండ కుదించుకుపోలేదు. అంగిలి చివరి మెత్తటి భాగం గొంతుకు అడ్డంగా వేలాడుతుంది, ముక్కురంధ్రాలు చీలికల్లా ఉంటాయి. పగ్ గుర్రు పెడుతుంటే మనం ముచ్చటపడి వీడియో తీస్తాం. నిజానికి అది ఊపిరి కోసం చేస్తున్న కష్టం. బ్రిటన్‌లో 2016లో వైద్యం అందుకున్న తొమ్మిది లక్షలకు పైగా కుక్కల రికార్డుల్ని పరిశీలించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. ల్యాబ్రడార్‌తో పోలిస్తే వడదెబ్బ ముప్పు చౌచౌకు సుమారు 17 రెట్లు, బుల్‌డాగ్‌కు 14 రెట్లు, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌కు 6 రెట్లు, పగ్‌కు 3 రెట్లు ఎక్కువని తేలింది. బరువైన కుక్కలకూ ముప్పు హెచ్చే. ఒళ్లు పెరిగే కొద్దీ వేడి పుట్టే కండ పెరిగినంతగా వేడిని వదిలే ఉపరితలం పెరగదు. ఇదంతా బ్రిటన్ వేసవిలో అని గుర్తుపెట్టుకోండి. వాళ్లు ‘వడగాలి’ అని భయపడేది మనకు ఫిబ్రవరి!

కాబట్టి సూటిగా చెబుతాను. హైదరాబాద్‌లోగానీ, విజయవాడలోగానీ చప్పిడి ముక్కు కుక్కను కొనుక్కోవడం, ఎంత ప్రేమగా పెంచినా, దానికి రోజూ ఒక ఇబ్బందిని కొనిపెట్టడమే. హస్కీది వేరే కథ. దాని మూతి బాగానే ఉంటుంది. కానీ అది మంచు మీద బండి లాగడానికి రెండు పొరల బొచ్చుతో తయారైన కుక్క. రోజంతా ఏసీ గదిలో పెడతామంటారు కొందరు. కరెంటు పోయిన రోజు సంగతి ఒకటి, మైళ్లకొద్దీ పరిగెత్తడానికి పుట్టిన జంతువు గదిలో పడి ఉంటే పరుపు చింపి, తలుపు గీరి, ఊళ పెట్టడం ఇంకొకటి. వేసవి రాగానే బొచ్చు మొత్తం గొరిగించేస్తారు. ఆ బొచ్చే కొంతవరకు ఎండను అడ్డుకుంటుంది. చర్మం దాకా గొరిగితే ఎండ నేరుగా తోలుకు తగులుతుంది, తిరిగి సరిగ్గా మొలవకపోవచ్చు కూడా.

ఏ కుక్కకైనా వడదెబ్బ తగిలితే, అంటే ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే, ముందు ఒళ్లంతా నీళ్లు పోసి ఫ్యాను కింద పెట్టి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయల్దేరాలి. తడిగుడ్డ కప్పి కారులో కూర్చోబెట్టడం వల్ల ఆ గుడ్డ కింద వేడి చిక్కుకుపోతుంది.

ఫ్లాట్‌లో చిన్న కుక్కే పెట్టుకోవాలన్న మాట గురించి. కుక్క ఎంత చోటు తీసుకుంటుందన్నది దాని ఎత్తు కన్నా దాని హుషారును బట్టి ఉంటుంది. గ్రేట్ డేన్ పొద్దున, సాయంత్రం నడిపించి తెస్తే మిగతా రోజంతా సోఫా పక్కన కాళ్లు చాచి పడుకుంటుంది. ఎనిమిది కిలోలు కూడా లేని జాక్ రసెల్ టెర్రియర్ అదే ఇంట్లో గోడలెక్కుతుంది. బీగిల్ చూడ్డానికి బుద్ధిమంతుడిలా ఉండే మధ్యరకం కుక్క. అది గుంపుగా కుందేళ్లను వేటాడటానికి, వాసన దొరకగానే దూరంగా ఉన్న వేటగాళ్లకు వినబడేలా అరవడానికి పెంచిన జాతి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లిపోయిన ఫ్లాట్‌లో పది గంటలు ఒంటరిగా ఉంటే అది తన కులవృత్తి చూపిస్తుంది, సాయంత్రానికి అసోసియేషన్ వాళ్లు తలుపు కొడతారు. పెంపుడు కుక్కల్ని మొత్తంగా నిషేధించే అధికారం వాళ్లకు లేదనీ, చిన్నవైతే సరే పెద్దవైతే వద్దనే షరతు కూడా చెల్లదనీ జంతు సంక్షేమ బోర్డు 2015లో స్పష్టంగా చెప్పింది. చట్టం మీవైపు ఉన్నా, పక్కింటి వాళ్ల నిద్ర మీవైపు ఉండదు. 2024 మార్చిలో కేంద్రం పిట్‌బుల్, రాట్‌వీలర్ లాంటి 23 జాతుల్ని ప్రమాదకరమని చెప్పి అమ్మకం ఆపమని రాష్ట్రాలకు రాసింది, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. జాతి పేరును బట్టి గుణం తేల్చే పద్ధతి గురించి పైన చెప్పుకున్నాం. అయితే ఒక మాట. ప్రతి కుక్కా కరవొచ్చు, కానీ యాభై కిలోల కుక్క కాటూ ఐదు కిలోల కుక్క కాటూ ఒకటి కావు. ఆ విషయంలో బరువు అబద్ధం చెప్పదు.

నేల మీద ఒక్క క్షణం ఆగాలి. మన కొత్త ఫ్లాట్లన్నిటిలో నున్నటి టైల్సే. పెద్ద జాతి పిల్లల ఎముకలు ఏడాదిన్నర దాకా పెరుగుతూనే ఉంటాయి. ల్యాబ్రడార్‌లో, జర్మన్ షెపర్డ్‌లో తుంటి కీలు సరిగా కుదురుకోని జబ్బు వంశపారంపర్యంగానే ఉంది. జారే నేల మీద పరుగులు, తొందరగా పెరగాలని పెట్టే అతి తిండి దాన్ని ముదరబెడతాయి. దీనికి తోడు మన ఇళ్లలో కాల్షియం సిరప్ ఒకటి. పెద్ద జాతి పిల్లల పేగులు అదనంగా వచ్చిన కాల్షియాన్ని వద్దని తోసేయలేవు. మంచి మేత తింటున్న పిల్లకు పైనుంచి పోసిన సిరప్ ఎముకల్ని బలపరచదు, వంకర తిప్పుతుంది. టైల్స్ మీద పాత కార్పెట్లు పరిస్తే సిరప్ సీసా కన్నా ఎక్కువ మేలు.

ఖర్చు లెక్కలోనూ సైజు కాస్త మోసం చేస్తుంది. కుక్క విశ్రాంతిగా ఉన్నప్పుడు రోజుకు ఎన్ని కేలరీలు కావాలో లెక్కించడానికి వైద్యులు వాడే సూత్రం ఒకటుంది. బరువును 0.75 ఘాతానికి పెంచి 70తో గుణిస్తారు. ఆ లెక్కన ఐదు కిలోల కుక్కకు సుమారు 235, ముప్పై కిలోల కుక్కకు సుమారు 900. అంటే బరువు ఆరు రెట్లున్నా తిండి నాలుగు రెట్లకు లోపే. మందులు మాత్రం కిలోల లెక్కనే. గోమార్లు పట్టకుండా నెలనెలా ఇచ్చే మాత్ర, నులిపురుగుల మందు, ఆపరేషన్‌కు మత్తు అన్నీ బరువుతో పాటు పెరుగుతాయి. మన ఉక్కలో గోమార్లు ఏడాది పొడవునా ఉంటాయి, గోడ పగుళ్లలో కాపురం పెడతాయి, టిక్ ఫీవర్ తెస్తాయి. నెలవారీ ఖర్చు వేసుకునేటప్పుడు మేత సంచీ ధర ఒక్కటే చూడటం సరిపోదు. బొచ్చు సంగతి కూడా ఇక్కడే. షిట్జూ వెంట్రుకలు ఇంట్లో రాలవని మురిసిపోయేవాళ్లకు, రోజూ దువ్వకపోతే అవి జడలు కడతాయనీ ఆ జడల కింద చర్మం పుండవుతుందనీ అమ్మేవాళ్లు చెప్పరు. వెంట్రుకలు రాలకపోతే ఎలర్జీ రాదన్నది కూడా వట్టి మాటే. ఎలర్జీ తెచ్చే ప్రొటీన్లు వెంట్రుకలో కాదు, ఉమ్మిలో, చర్మపు పొట్టులో ఉంటాయి.

ల్యాబ్రడార్ ఉన్న ఇళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో ఈ జాతిలో పీఓఎంసీ అనే జన్యువులో ఒక లోపాన్ని పట్టుకున్నారు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు అందకుండా అది అడ్డుపడుతుంది. దాదాపు నాలుగింట ఒక ల్యాబ్రడార్‌లో అది ఉంది. ఉన్న ఒక్కో నకలుకూ బరువు సగటున రెండు కిలోలు ఎక్కువ. గిన్నె నాకేసి, ‘ఇంకా’ అన్నట్టు చూసే ఆ కళ్లను చూసి నానమ్మ ఇంకో ఇడ్లీ వేస్తుంది. ఆకలి నిజమే, అవసరం మాత్రం కాదు. గిన్నె కొలత ఎవరి చేతిలో ఉండాలో ఇంట్లో ముందే తేల్చుకోకపోతే మూడేళ్లకల్లా ల్యాబ్రడార్ దిండులా తయారవుతుంది.

పసిపిల్లలున్న ఇంట్లో సైజు రెండువైపులా పదునున్న కత్తి. ఎనిమిది నెలల ల్యాబ్రడార్ పాతిక కిలోల పసివాడు. తోక ఊపుతూ వచ్చి మూడేళ్ల పాపను నేలమీద పడేస్తుంది, దానికి ఏ చెడ్డ బుద్ధీ లేకుండానే. అలాగని రెండు కిలోల చివావానో, బుల్లి పొమరేనియన్‌నో తెస్తే, ఆ పాప చంకనెత్తుకుని జారవిడిచినప్పుడు దాని ముందుకాలు పుటుక్కుమంటుంది. బుల్లి జాతుల్లో అలా విరగడం పశువైద్యులు తరచూ చూసేదే. ఐదేళ్ల లోపు పిల్లలుంటే మధ్యరకం కుక్క, అందులోనూ రెండేళ్లు దాటినది, రెండు ప్రమాదాల్నీ తగ్గిస్తుంది. పిల్లల్ని కరిచేది ఎక్కువగా వాళ్లకు తెలిసిన కుక్కే, చాలాసార్లు ఇంట్లోనే. తినేటప్పుడో నిద్రపోయేటప్పుడో మీద పడటం వల్ల జరిగేవే వాటిలో చాలా. కుక్క ముందుగానే చెబుతుంది. నిద్ర లేకుండా ఆవులిస్తుంది, ఊరికే పెదాలు నాక్కుంటుంది, మొహం తిప్పేసుకుంటుంది, తెల్లగుడ్డు కనిపించేలా ఓరచూపు చూస్తుంది. ‘మావాడు తోక లాగినా ఏమీ అనడు’ అని గొప్పగా చెప్పుకునే ఇంట్లో ఆ మాటల్ని ఎవరూ వినడం లేదు.

మన జాతుల సంగతి? 2005లో తపాలా శాఖ హిమాలయన్ షీప్‌డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్, రాజపాళయం బొమ్మలతో బిళ్లలు వేసింది. అప్పటినుంచీ, మరీ ముఖ్యంగా ఈమధ్య, దేశీయ జాతుల మీద మోజు పెరిగింది. ఎండకు ఆగుతాయి, పొట్టి బొచ్చు, జబ్బులు తక్కువ. ఇవన్నీ మంచివే. కానీ ముధోల్, చిప్పిపారై లాంటివి కుందేలు కంటపడితే గాలిలా దూసుకుపోవడానికి పుట్టిన వేటకుక్కలు. పట్టీ జారితే కూకట్‌పల్లి రోడ్డు మీద వాటిని ఎవరూ అందుకోలేరు. పాలతెలుపు రాజపాళయం పిల్లల్లో చెవుడు కనిపిస్తుంది. కొనేముందు వెనకనుంచి చప్పట్లు కొట్టి చూడటం అవసరం. దేశభక్తితో కుక్కను ఎంచుకోవడమూ రీల్స్ చూసి ఎంచుకోవడం లాంటిదే. ఆంధ్ర తీరానికంటూ ఒక సొంత జాతి ఉంది, జోనంగి. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని కాసిన కుక్క. నున్నటి పొట్టి బొచ్చు, నుదుట ముడతలు. మామూలుగా మొరగదు, రాగం తీసినట్టు అరుస్తుంది. నేలలో గొయ్యి తవ్వుకుని అందులో చల్లగా పడుకుంటుంది. బాతుల పెంపకం పోయి చేపల, రొయ్యల చెరువులు వచ్చాక దానికి పనిలేకుండా పోయి బాగా తగ్గిపోయింది. పల్లెలో పొలం, పెరడు, రోజంతా మనుషులూ ఉన్న ఇంటికి ఇది చక్కటి కుక్క. టైల్స్ వేసిన ఫ్లాట్‌లో తవ్వడానికి దానికి మీ సోఫా తప్ప ఏముంది?

అన్నీ లెక్కేసుకుంటే, పట్నంలో మామూలు కుటుంబానికి తగిన కుక్క చాలాసార్లు వీధి చివరే తిరుగుతూ ఉంటుంది. ఊరకుక్క మధ్యరకం సైజు, పొడుగు మూతి, పొట్టి బొచ్చు. పైన చెప్పిన ఒంటి లెక్కలన్నిటిలోనూ మంచి మార్కులు పడేది దానికే. ఒక జాతిలో దగ్గరి బంధువుల మధ్య జత కట్టించినందువల్ల పేరుకుపోయిన జబ్బులు దానిలో తక్కువ. గుణం మాత్రం కుక్కకో రకం. కొన్ని మనుషుల చేతుల్లో పెరిగి ఎవరినైనా చేరదీస్తాయి, కొన్ని రాళ్లదెబ్బలు తిని చెయ్యెత్తితే వణుకుతాయి. అందుకే పిల్లను కాకుండా ఎదిగిన కుక్కను దత్తత తీసుకోవడం తెలివైన పని. హైదరాబాద్‌లో అమల అక్కినేని 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ లాంటి సంస్థల దగ్గర అలాంటివి ఉంటాయి. జాతి కుక్కలు కూడా ఉంటాయి, యజమానులు మోజు తీరాక వదిలేసినవి. ఎదిగిన కుక్క ఇక పెరగదు, బరువు కళ్లెదుటే ఉంటుంది, గుణం చాలావరకు బయటపడి ఉంటుంది. ఇన్నాళ్లూ దాన్ని చూసుకున్నవాళ్లను, పిల్లలతో ఎలా ఉంటుంది, మిగతా కుక్కలతో ఎలా ఉంటుంది, తిండి గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమంటుందా అని అడగండి. టీకాల కార్డు చూడండి, రేబిస్ టీకా తేదీ ముఖ్యంగా. వీలైతే వెంటనే ఖాయం చేసుకోకుండా రెండు వారాలు ఇంట్లో ఉంచుకుని చూస్తామని అడగండి. ఆ రెండు వారాలు వేసవిలో పడితే ఇంకా మంచిది. ఫ్యాను కింద మధ్యాహ్నం ఎలా గడుపుతుందో, ఎంతసేపు ఒంటరిగా ఉండగలదో, లిఫ్టులో పక్కింటి పిల్లలు ఎక్కితే ఏం చేస్తుందో అప్పుడే తేలిపోతుంది.